పాత క్యాన్సర్ ఉన్నవారికి లాలాజల గ్రంథిలో గడ్డ

లాలాజల గ్రంథి క్యాన్సర్‌తో ఆసుపత్రికి వచ్చేవారిలో కొందరికి అంతకుముందే మరో క్యాన్సర్ వచ్చి, చికిత్స జరిగి ఉంటుంది. ఏళ్ల కిందట రొమ్ము ఆపరేషన్ చేయించుకున్న ఆమె, థైరాయిడ్ తీయించుకున్న మరొకామె, నోటి క్యాన్సర్‌కు కరెంటు (రేడియేషన్) పెట్టించుకున్న పెద్దాయన ఈసారి చెవి కింద గడ్డతో మళ్లీ ఆసుపత్రి మెట్లెక్కుతారు. ఇంట్లోవాళ్ల నోట మొదట వచ్చే మాట 'మళ్లీ తిరగబెట్టింది' అనే. ఇక ఎంత ఖర్చు పెట్టినా లాభం లేదన్న నిరాశ ఆ మాటలోనే ఉంటుంది. చాలామంది విషయంలో ఆ నిరాశకు ఆధారం లేదు. పాత క్యాన్సర్ ఉన్నంత మాత్రాన ఆయుష్షు తగ్గిపోదు. తగ్గుతుందా లేదా అన్నది పాతది ఏ క్యాన్సర్, ఎప్పుడు వచ్చింది, ఎంతవరకు పాకింది, దానికి ఏ చికిత్స చేశారు అన్న నాలుగు సంగతుల మీద ఆధారపడి ఉంటుంది.

నోట్లో లాలాజలాన్ని ఊరించే పెద్ద గ్రంథులు మూడు జతలు. చెవి ముందు నుంచి దవడ మూల దాకా పరుచుకుని ఉండేది పెరోటిడ్ గ్రంథి. దవడ ఎముక కింద ఒక జత, నాలుక కింద మరో జత ఉంటాయి. ఇవి కాక అంగిలిలో, పెదవుల లోపల, బుగ్గల్లో, గొంతులో కంటికి ఆనని చిన్న గ్రంథులు 600 నుంచి 1,000 వరకు ఉంటాయి. వీటిలో ఎక్కడైనా గడ్డ రావచ్చు. ఎక్కువ గడ్డలు వచ్చేది పెరోటిడ్‌లోనే అయినా, అక్కడ వచ్చేవాటిలో దాదాపు నాలుగింట మూడొంతులు క్యాన్సర్ కానివి. గ్రంథి చిన్నదవుతున్నకొద్దీ గడ్డ క్యాన్సర్ అయ్యే అవకాశం పెరుగుతుంది. దవడ కింది గ్రంథిలో అది సగానికి దగ్గరగా ఉంటే, నాలుక కింది గ్రంథిలో సగాన్ని బాగా దాటుతుంది.

లాలాజల గ్రంథి క్యాన్సర్ అరుదైన జబ్బు. 2020లో ప్రపంచం మొత్తంలో సుమారు 53,500 మందికి ఇది కొత్తగా బయటపడిందని, 22,700 మందికి పైగా దీనివల్ల చనిపోయారని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. తల, మెడ భాగాల్లో వచ్చే క్యాన్సర్లన్నింటిలో దీని వాటా 3 నుంచి 6 శాతం. అరుదైనదే అయినా దీనిలో రకాలు ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో లాలాజల గ్రంథుల క్యాన్సర్లు ఇరవైకి పైగా ఉన్నాయి. అన్నింటికంటే ఎక్కువగా కనిపించేది మ్యూకోఎపిడెర్మాయిడ్ రకం. అడినాయిడ్ సిస్టిక్ రకం మెల్లగా పెరుగుతూ నరాల వెంట పాకుతుంది. ఆపరేషనై పదేళ్లు దాటాక కూడా ఊపిరితిత్తుల్లో బయటపడగల మొండిది. లాలాజల నాళాల్లో పుట్టే డక్ట్ కార్సినోమా దూకుడుగా పెరుగుతుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే రొమ్ము నాళాల క్యాన్సర్‌ను పోలి ఉంటుంది.

ఎన్నాళ్లు బతుకుతారన్నది ముందుగా జబ్బు దశను బట్టి, రకాన్ని బట్టి ఉంటుంది. అమెరికా లెక్కల ప్రకారం గ్రంథి దాటకముందే పట్టుకుంటే అయిదేళ్లు బతికేవారు 90 శాతానికి పైగా ఉంటారు. మెడలోని లింఫు బిళ్లలకు పాకాక ఆ సంఖ్య మూడింట రెండొంతులకు దిగుతుంది. దూరపు అవయవాలకు చేరాక సగం కన్నా తక్కువ. పాత క్యాన్సర్ ప్రభావాన్ని ఈ లెక్కల పక్కన పెట్టి చూడాలి. గ్రంథిలోనే ఉన్న చిన్న గడ్డతో వచ్చినవారికి ముందు ఏళ్ల తరబడి జీవితం ఉంటుంది కాబట్టి, పాత జబ్బు తిరగబెట్టడానికీ దాని చికిత్స మిగిల్చిన నష్టం బయటపడటానికీ సమయం దొరుకుతుంది. ఊపిరితిత్తులకు పాకిన స్థితిలో వచ్చినవారి విషయంలో కొత్త జబ్బే అంతా తేలుస్తుంది. ఎప్పుడో నయమైన పాత క్యాన్సర్ ఆ లెక్కను పెద్దగా మార్చదు.

పాత క్యాన్సర్‌కూ కొత్త గడ్డకూ సంబంధం ఉందా అన్నది తరచూ ఎదురయ్యే ప్రశ్న. చాలా సందర్భాల్లో ఉండదు. వయసు పెరిగేకొద్దీ ఏ క్యాన్సరైనా వచ్చే అవకాశం పెరుగుతుంది కాబట్టి ఒకే మనిషికి రెండు రావడంలో వింతేమీ లేదు. అమెరికాలో 2009 నుంచి 2013 వరకు కొత్తగా క్యాన్సర్ బయటపడినవారిని పరిశీలిస్తే 18 శాతం మందికి అంతకుముందే ఏదో ఒక క్యాన్సర్ వచ్చి ఉన్నట్టు తేలింది. 65 ఏళ్లు దాటినవారిలో అయితే ప్రతి నలుగురిలో ఒకరికి. క్యాన్సర్ నయమై ఎక్కువకాలం బతికేవారు పెరుగుతున్నకొద్దీ రెండో క్యాన్సర్ చూసేవారూ పెరుగుతారు.

సంబంధం స్పష్టంగా తేలినది రేడియేషన్ విషయంలో. 1945లో హిరోషిమా, నాగసాకిల మీద పడిన అణుబాంబుల నుంచి బతికి బయటపడినవారిని దశాబ్దాల పాటు గమనిస్తే లాలాజల గ్రంథుల గడ్డలు మామూలు జనంకంటే ఎక్కువగా కనిపించాయి. రేడియేషన్ మోతాదు ఎక్కువ తగిలినవారిలో ఆ పెరుగుదలా ఎక్కువే. పిల్లలకు తలలో తామర వస్తే ఎక్స్‌రేలతో వైద్యం చేసిన రోజులున్నాయి. ఇజ్రాయెల్‌లో అలా వైద్యం పొందినవారిలోనూ ఇదే కనిపించింది. చిన్నతనంలో క్యాన్సర్ వచ్చి మెడకు, తలకు కరెంటు పెట్టించుకున్నవారికి పెద్దయ్యాక ఈ ముప్పు కొంత మిగిలే ఉంటుంది. అలాంటివారు దవడ, చెవి ప్రాంతంలో కొత్తగా తగిలిన గడ్డను ఏళ్లు గడిచినా తేలిగ్గా తీసుకోకూడదు.

అమెరికా సినిమా విమర్శకుడు రోజర్ ఎబర్ట్ జీవితంలో ఈ సంగతులన్నీ ఒక్కచోటే కనిపిస్తాయి. 1967 నుంచి షికాగో సన్‌టైమ్స్‌లో సమీక్షలు రాసిన ఎబర్ట్‌కు 2002లో థైరాయిడ్ క్యాన్సర్ వచ్చింది. అది పాపిలరీ రకం, చికిత్సకు బాగా లొంగేది. మరుసటి ఏడాదే లాలాజల గ్రంథిలో క్యాన్సర్ బయటపడింది. ఆపరేషన్ చేసి, తర్వాత రేడియేషన్ ఇచ్చారు. 2006లో జబ్బు దవడ దగ్గర తిరగబెట్టడంతో కింది దవడలో కొంత భాగం తీసేయాల్సి వచ్చింది. కొద్దిరోజులకే ఆపరేషన్ చేసిన చోట మెడలోని పెద్ద రక్తనాళం చిట్లి ప్రాణం మీదికి వచ్చింది. దవడను తిరిగి కట్టడానికి చేసిన ఆపరేషన్లూ నిలవలేదు. మాట, తిండి రెండూ పోయాయి. అయినా ఏడేళ్ల పాటు రాస్తూనే ఉండి, 2013 ఏప్రిల్ 4న 70 ఏళ్ల వయసులో చనిపోయారు. చిన్నప్పుడు చెవి ఇన్‌ఫెక్షన్‌కు తనకు రేడియేషన్ ఇచ్చారని, తన క్యాన్సర్లకు అదే కారణం కావచ్చని ఆయనే చెప్పుకున్నారు.

ఎబర్ట్ కథలో ముందు వచ్చిన థైరాయిడ్ క్యాన్సర్ ఆయన ఆయుష్షును తగ్గించిందనడానికి ఆధారం కనిపించదు. నష్టం చేసింది రెండోదే. అదే మొదట వచ్చింది థైరాయిడ్ క్యాన్సర్ కాకుండా పాంక్రియాస్ క్యాన్సరో ఊపిరితిత్తుల క్యాన్సరో అయి ఉంటే కథ వేరేగా ఉండేది. అందుకే 'పాత క్యాన్సర్ ఉంది' అనే ఒక్క వాక్యం డాక్టరుకు ఏమీ చెప్పదు.

పాత క్యాన్సర్ ఉన్న మనిషికి చెవి కింద గడ్డ కనిపించినప్పుడు ముందుగా తేల్చాల్సింది అది లాలాజల గ్రంథిలోనే పుట్టిందా, వేరేచోటి నుంచి పాకి వచ్చిందా అన్నది. పెరోటిడ్ గ్రంథికి ఒక ప్రత్యేకత ఉంది. మిగతా లాలాజల గ్రంథుల్లో లేని విధంగా దాని లోపలే లింఫు బిళ్లలు ఉంటాయి. నెత్తి, నుదురు, కణత, చెవి డొప్ప భాగాల చర్మం మీద వచ్చిన క్యాన్సర్ ఆ బిళ్లల్లోకి దిగుతుంది. అరుదుగా మూత్రపిండం, రొమ్ము, ఊపిరితిత్తుల క్యాన్సర్లూ అక్కడ తేలతాయి. చేతికి తగిలే గడ్డ ఒకటే అయినా చికిత్స వేరు, ఆయుష్షు అంచనా వేరు. పాత రొమ్ము క్యాన్సర్ పెరోటిడ్ దాకా వచ్చిందంటే అది నాలుగో దశ. అదే కొత్తగా పెరోటిడ్‌లో పుట్టిన చిన్న మ్యూకోఎపిడెర్మాయిడ్ గడ్డ అయితే ఆపరేషన్‌తోనే నయమయ్యే అవకాశం ఎక్కువ.

ఈ తేడా తేల్చేది పాథాలజిస్టు. ముందు సూది పరీక్ష చేస్తారు. సన్నని సూదితో గడ్డలోంచి కణాలు లాగి చూస్తారు. లాలాజల గ్రంథుల సూది పరీక్ష ఫలితాలను ఒకే పద్ధతిలో రాయడానికి 2018లో మిలాన్ విధానం వచ్చింది. సూదితో తేలకపోతే ముక్క తీసి చూస్తారు. అప్పుడు కూడా సందేహం మిగిలితే కణాల మీది ప్రొటీన్లకు రంగులు పట్టించే పరీక్షలు చేస్తారు. డక్ట్ కార్సినోమా రొమ్ము క్యాన్సర్‌లా కనిపించే చోట ఈ చిక్కు మరీ ఎక్కువ, ఎందుకంటే హెర్2 అనే ప్రొటీన్ రెండింటిలోనూ ఉండవచ్చు. అలాంటప్పుడు పదేళ్ల కిందటి రొమ్ము ఆపరేషన్ స్లైడును, ఇప్పటి గడ్డ స్లైడును పక్కపక్కన పెట్టి చూడటం గట్టి ఆధారం ఇస్తుంది. ఆపరేషన్‌లో తీసిన కణజాలాన్ని మైనంలో పోసి దాచిన బ్లాకు ఏళ్ల తరబడి చెడదు. దానిలోంచి సన్నని పొర కోసి కొత్త స్లైడు చేయవచ్చు.

థైరాయిడ్ క్యాన్సర్‌కు రేడియో అయోడిన్ తీసుకున్నవారిలో మరో సంగతి గమనించాలి. ఆ మందును లాలాజల గ్రంథులు కూడా కొంత పీల్చుకుంటాయి. దానివల్ల గ్రంథులు వాచి, భోజనం చేసేటప్పుడు నొప్పి పుట్టి, నోరు పిడచకట్టుకుపోవచ్చు. ఆ వాపు క్యాన్సర్ కాదు. భయపడి కుంగిపోవాల్సిన పని లేదు, అలాగని అన్ని వాపులూ ఇవే అనుకుని పరీక్ష మానేయకూడదు.

గడ్డ కొత్తదేనని తేలాక, పాత క్యాన్సర్ అడ్డుపడేది చికిత్స దగ్గర. లాలాజల గ్రంథి క్యాన్సర్‌కు మూలమైన చికిత్స ఆపరేషన్. పెరోటిడ్ గ్రంథి మధ్యలోంచి ముఖ నాడి కొమ్మలుగా చీలి వెళ్తుంది. కన్ను మూయడం, నవ్వడం, నుదురు ముడవడం అన్నీ దాని పనులే. ఆ నాడిని కాపాడుతూ గడ్డను పూర్తిగా తీయడంలోనే సర్జన్ నైపుణ్యం ఉంటుంది. గడ్డ పెద్దదైనా, దూకుడు రకమైనా, నరాల్లోకి దిగినా ఆపరేషన్ తర్వాత కరెంటు పెడతారు. మామూలుగా 60 నుంచి 66 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలమానం) మోతాదును వారానికి అయిదు రోజుల చొప్పున ఆరు వారాలు లేదా కాస్త పైగా ఇస్తారు.

అదే మెడకు అంతకుముందు నోటి క్యాన్సర్‌కో గొంతు క్యాన్సర్‌కో కరెంటు పెట్టి ఉంటే ఆ మోతాదు మళ్లీ ఇవ్వడం కష్టం. వెన్నుపాము తట్టుకునే మోతాదు 45 నుంచి 50 గ్రేల లోపే. ఒకసారి తగిలిన రేడియేషన్‌ను దేహం పూర్తిగా మరిచిపోదు. దవడ ఎముక కుళ్లడం, మెడ నాళాలు బలహీనపడటం, గాయం మానకపోవడం వంటి ప్రమాదాలు రెండోసారి పెరుగుతాయి. మొదటిసారి ఏ భాగానికి, ఎన్ని గ్రేలు, ఎన్ని రోజుల్లో ఇచ్చారో తెలిస్తే రేడియేషన్ డాక్టర్లు ఆ భాగాన్ని తప్పించి ప్లాన్ గీయగలరు. తెలియకపోతే ఇవ్వగలిగినదాన్నీ ఇవ్వడానికి వెనకాడాల్సి వస్తుంది.

మందుల విషయంలోనూ ఇదే చిక్కు. దూరానికి పాకిన లాలాజల గ్రంథి క్యాన్సర్‌కు వాడే కీమో మందుల్లో డాక్సోరుబిసిన్, సిస్‌ప్లాటిన్ ముఖ్యమైనవి. డాక్సోరుబిసిన్‌కు జీవితకాల పరిమితి ఉంది. శరీర వైశాల్యంలో చదరపు మీటరుకు మొత్తం 450 నుంచి 550 మిల్లీగ్రాములు దాటితే గుండె కండరం దెబ్బతినే ముప్పు బాగా పెరుగుతుంది. రొమ్ము క్యాన్సర్‌కు ఇదే మందు తీసుకున్నామె ఆ పరిమితిలో కొంత అప్పటికే వాడేసి ఉంటుంది. సిస్‌ప్లాటిన్ మూత్రపిండాలను, వినికిడిని దెబ్బతీస్తుంది. ఒకసారి మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి దాన్ని మళ్లీ ఎక్కించలేరు. గుండెకు ఎకో పరీక్ష చేసి, రక్తంలో క్రియాటినిన్ చూసి, అవసరమైతే వేరే మందుకు మారతారు. పాత క్యాన్సర్ ఆయుష్షును తగ్గించే దారుల్లో ఇది చాలామంది పట్టించుకోనిది. జబ్బు నయమై వెళ్లిపోయినా, దాని చికిత్స దేహంలో ఖర్చు పెట్టించినది అలాగే ఉంటుంది.

ఇక మరణాల లెక్క. పరిశోధకులు ఆయుష్షును రెండు రకాలుగా కొలుస్తారు. ఏ కారణంతోనైనా చనిపోయినవారందరినీ లెక్కలోకి తీసుకోవడం ఒకటి. లాలాజల గ్రంథి క్యాన్సర్‌తోనే చనిపోయినవారిని మాత్రం తీసుకోవడం రెండోది. పాత క్యాన్సర్ ఉన్నవారు సాధారణంగా వయసులో పెద్దవారు. గుండెపోటు, పక్షవాతం, షుగరు, పాత క్యాన్సర్ తిరగబెట్టడం వంటి కారణాలతో వారిలో మరణాలు ఎక్కువే ఉంటాయి. అందువల్ల మొదటి కొలతలో వారి ఆయుష్షు తక్కువగా కనిపించవచ్చు. రెండో కొలతలో చూస్తే ఆ తేడా తగ్గిపోవచ్చు, ఒక్కోసారి మాయమవుతుంది కూడా. పేపర్లలో 'పాత క్యాన్సర్ ఉంటే ముప్పు' అన్న శీర్షిక చూసినప్పుడు ఆ అధ్యయనం ఏ కొలత వాడిందో చూడకుండా భయపడటం తగదు.

లెక్కల్లో ఇంకో మెలిక కూడా ఉంది. పాత క్యాన్సర్ రోగులు ఏడాదికోసారైనా డాక్టరు దగ్గరికి వెళ్తుంటారు. మెడ తడిమి చూస్తారు, స్కాన్ తీస్తారు. కొత్త గడ్డ వస్తే మిగతావారికంటే ముందే దొరుకుతుంది. ముందే దొరకడంవల్ల నిజంగానే ఎక్కువకాలం బతకవచ్చు, లేదా లెక్క ముందు నుంచి మొదలైనందువల్ల ఎక్కువకాలం బతికినట్టు కనిపించవచ్చు. పైగా రెండో క్యాన్సర్ దాకా వచ్చారంటే మొదటిదాన్ని గెలిచినవారే కదా. బలహీనులు అప్పటికే లెక్కలో లేరు. అందుకే మంచి అధ్యయనాల్లో వయసు, దశ, గడ్డ రకం, చికిత్స ఒకేలా ఉన్నవారిని జంటలు కట్టి, ఒకరికి పాత క్యాన్సర్ ఉండి మరొకరికి లేకపోతే ఏం జరిగిందో పోల్చి చూస్తారు.

ఇలాంటి పోలికలకు పెద్ద ఆధారం 1973 నుంచి అమెరికా నడుపుతున్న సీర్ అనే క్యాన్సర్ రిజిస్ట్రీ. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల మీద 2015లో వచ్చిన అధ్యయనంలో పాత క్యాన్సర్ ఉన్నవారు మిగతావారికంటే త్వరగా చనిపోలేదని తేలింది. తర్వాత వేరువేరు అవయవాల క్యాన్సర్లను పోల్చినప్పుడు ఒక తీరు కనిపించింది. పాంక్రియాస్, కాలేయం, ఊపిరితిత్తుల వంటి ప్రాణాంతక క్యాన్సర్లలో పాత చరిత్ర పెద్ద తేడా చూపదు. రొమ్ము, థైరాయిడ్, ప్రోస్టేట్ వంటి ఎక్కువకాలం బతకగల జబ్బుల్లో దాని ప్రభావం కొంత కనిపిస్తుంది. లాలాజల గ్రంథి క్యాన్సర్‌లో ఈ రెండు రకాల రోగులూ ఉంటారు కనుక, అందరికీ కలిపి ఒకే జవాబు చెప్పడం సరికాదు.

క్లినికల్ ట్రయల్స్‌లో ఈ ప్రశ్న మరో రూపంలో ఎదురైంది. అయిదేళ్లలోపు మరో క్యాన్సర్ వచ్చినవారిని కొత్త మందుల ప్రయోగాల్లో చేర్చుకోకపోవడం చాలాకాలం మామూలు నియమంగా ఉండేది. లాలాజల గ్రంథి క్యాన్సర్ వంటి అరుదైన జబ్బుకు అసలే రోగులు దొరకరు. దొరికినవారిలోనూ ఇలా కొందరిని తిప్పి పంపితే కొత్త మందు ఎప్పటికి తేలుతుంది? 2017లో అమెరికా క్లినికల్ ఆంకాలజీ సంఘం ఈ నియమాన్ని సడలించాలని సిఫారసు చేసింది. 2020లో ఆ దేశపు ఔషధ నియంత్రణ సంస్థ కూడా అదే దారిలో మార్గదర్శకాలు ఇచ్చింది. ఇది ఎప్పుడో రావాల్సిన మార్పు.

అమెరికా లెక్కలను ఇక్కడికి యథాతథంగా తెచ్చుకోవడానికి లేదు. అక్కడ పాత క్యాన్సర్ అంటే ప్రోస్టేట్, రొమ్ము, చర్మపు మెలనోమా వంటివి ఎక్కువ. మన దగ్గర రొమ్ము, గర్భాశయ ముఖద్వారం, నోటి క్యాన్సర్లదే పెద్ద వాటా. గుట్కా, ఖైనీ నమలడంవల్ల వచ్చే నోటి క్యాన్సర్‌కు తరచూ మెడలోనూ ఆపరేషన్, మెడకూ కరెంటు ఉంటాయి. తర్వాత లాలాజల గ్రంథిలో గడ్డ వస్తే కత్తి పెట్టాల్సింది, కరెంటు పెట్టాల్సింది అదే చోట. మన దేశంలో జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమం 1981లో మొదలై, బెంగళూరు, ముంబై, చెన్నై నగరాల జనాభాతో లెక్కలు ఆరంభించింది. చెన్నై రిజిస్ట్రీని నడిపేది అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూటే. ముత్తులక్ష్మి రెడ్డి 1954లో నెలకొల్పిన ఆ ఆసుపత్రికి నెల్లూరు, చిత్తూరు ప్రాంతాల తెలుగువారు తరాలుగా వెళ్తున్నారు.

నాయుడుపేట వంటి ఊళ్లలో ఇలా బయటి ఆసుపత్రులకు వెళ్లడం మామూలే. చెన్నై-కోల్‌కతా జాతీయ రహదారి మీద, స్వర్ణముఖి ఒడ్డున ఉన్న ఈ ఊరు 2022 ఏప్రిల్ దాకా నెల్లూరు జిల్లాలో ఉండి, కొత్త జిల్లాల ఏర్పాటుతో తిరుపతి జిల్లాలోకి వచ్చింది. క్యాన్సర్ చికిత్సకు ఇక్కడివారు ఉత్తరాన నెల్లూరుకో, పడమర తిరుపతికో, దక్షిణాన చెన్నైకో, ఇంకా లోపలికి వేలూరు సీఎంసీ ఆసుపత్రికో వెళ్తారు. తిరుపతిలో 1993లో మొదలైన స్విమ్స్ ఆసుపత్రి ఉంది. టాటా ట్రస్టుల ఆధ్వర్యంలో కట్టిన శ్రీ వేంకటేశ్వర క్యాన్సర్ ఆసుపత్రి 2022 మేలో తెరుచుకుంది. వైద్యం దగ్గరికి రావడం మంచిదే. కానీ మొదటి క్యాన్సర్‌కు పదేళ్ల కిందట చెన్నైలో చూపించుకున్న మనిషి రెండోదానికి తిరుపతి వెళ్తే, పాత ఆసుపత్రి ఫైలు ఒక రాష్ట్రంలో, మనిషి మరో రాష్ట్రంలో ఉంటారు. ఇల్లు మారినప్పుడు రిపోర్టుల సంచి ఎక్కడో పోతుంది. 'మెడకు కరెంటు పెట్టారు, ముప్ఫై రోజులో ఏమో' అన్నంత వరకే గుర్తుంటుంది. డాక్టరుకు కావలసిన గ్రేల సంఖ్య మాత్రం ఎవరికీ గుర్తుండదు.

చెవి ముందు, దవడ కింద వచ్చే గడ్డను గవదబిళ్లలనో, చలువ చేసిందనో పసరు కట్టి నెలలు గడపడం ఈ ప్రాంతంలో ఇప్పటికీ ఉంది. గవదబిళ్లలు జ్వరంతో వచ్చి, నొప్పి పెట్టి, వారం పది రోజుల్లో తగ్గిపోతాయి. నొప్పి లేకుండా నెల దాటినా పెరుగుతూ ఉన్న గడ్డ, గడ్డ ఉన్న వైపు ముఖం వంకర పోవడం, కన్ను మూతపడకపోవడం, చర్మం తిమ్మిరెక్కడం క్యాన్సర్ కావచ్చనడానికి గుర్తులు. ఇంతకుముందు క్యాన్సర్ వచ్చినవారు నెల కూడా ఆగకూడదు.

చికిత్స అయ్యాక కూడా పరీక్షలు ఆపకూడదు. అడినాయిడ్ సిస్టిక్ రకంలో అయిదేళ్లు గడిచాయని ధీమాగా ఉండటానికి లేదు. ఛాతీ స్కాన్‌లు పదేళ్ల తర్వాత కూడా కొనసాగాలి. పాత క్యాన్సర్ తాలూకు పరీక్షలను కొత్తదాని హడావిడిలో వదిలేయడం కూడా పొరపాటే. రొమ్ముకు మామోగ్రామ్, గర్భాశయ ముఖద్వారానికి పరీక్ష, నోరు తెరిచి చూడటం వాటి వేళకు అవి జరగాలి.

క్యాన్సర్ చికిత్స పొందిన ప్రతి ఒక్కరి ఇంట్లో నాలుగు కాగితాలు భద్రంగా ఉండాలి: డిశ్చార్జ్ సమ్మరీ, బయాప్సీ రిపోర్టు, రేడియేషన్ మోతాదు వివరాల పత్రం, కీమో మందుల మోతాదుల పట్టిక. వాటిని ఫోనులో ఫొటో తీసి పిల్లల ఫోనులోనూ ఉంచాలి. స్లైడ్లు, బ్లాకులు కావాలని అడిగితే ఆసుపత్రి పాథాలజీ విభాగం రాతపూర్వక దరఖాస్తు తీసుకుని ఇస్తుంది. రెండో క్యాన్సర్‌కు కొత్త డాక్టరు దగ్గరికి వెళ్లేరోజు ఆ సంచి వెంట తీసుకెళ్లండి.